దిగులుకు సాక్ష్యం కావాలా?

మొన్న ఉగాది కార్యక్రమం అయిపోయి అందరం భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు, మనవాళ్ళలో ఒక పెద్దాయన నా పక్కకు కుర్చీ జరుపుకుని, "ఏమ్మా, నువ్వు డాక్టరువి కదా, ఒక సంగతి చెప్పు. ఈ డిప్రెషన్ అనేదాన్ని ఇప్పుడు మెదడు స్కాన్‌లో చూడవచ్చునట, నిజమేనా?" అని అడిగారు. "పూర్తిగా అలా కాదు బాబాయి గారూ" అని నేను నసుగుతూ ఉండగానే ఆయన అసలు సంగతి బయటపెట్టారు. "చూడగలిగితే మంచిదమ్మా. ఎవరిది నిజంగా జబ్బో, ఎవరిది ఒట్టి బద్ధకమో తేలిపోతుంది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, ఆత్రం ఉంది. ఎవరి గురించి అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. సాంబారు చల్లారిపోయేదాకా నాకు తోచిన జవాబేదో చెప్పాను గాని, ఇంటికి వచ్చాక అది సరిపోలేదనిపించింది. ఆయన అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. స్కాన్‌లో కనబడుతుందా అన్నది మొదటిది. దానికి జవాబు వైద్యశాస్త్రం చెప్పాలి. కనబడితేనే నమ్మాలా అన్నది రెండోది. అది శాస్త్రం చెప్పేది కాదు, మనలో మనం తేల్చుకోవలసినది. సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు ఎలాగూ అడుగుతున్నారు గనక, ఆ రెంటికీ నాకు తెలిసిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు శాస్త్రం సంగతి. ఈ మధ్య పరిశోధకుల చూపు గ్లూటమేట్ అనే రసాయనం మీద పడింది. పేరు కొత్తగా ఉన్నా వస్తువు మనకు కొత్తది కాదు. మన వంటవాళ్ళు టేస్టింగ్ సాల్ట్ అనే అజినోమోటో సోడియం కలిసిన గ్లూటమేటే. సముద్రపు నాచుతో కాచిన చారుకు వచ్చే ప్రత్యేకమైన రుచి దీనివల్లనే అని 1908లో కికునాయె ఇకెడా అనే జపాన్ రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. మన టమాటా చారులోనూ ఆ రుచి కొంత ఉంది. అయితే తిన్న గ్లూటమేట్ మెదడులోకి దాదాపు పోదు. రక్తానికీ మెదడుకూ మధ్య గట్టి కాపలా ఉంది. తనకు కావలసిన గ్లూటమేట్‌ను మెదడే తయారు చేసుకుంటుంది. ఒక నాడీకణం పక్క కణాన్ని తట్టి లేపడానికి వాడే ముఖ్యమైన రసాయనం ఇదే. పత్రికల్లో సెరటోనిన్, డోపమీన్ పేర్లు ఎక్కువగా వినబడతాయి గాని, మెదడులో జరిగే సంభాషణ చాలా భాగం గ్లూటమేట్ ద్వారానే నడుస్తుంది.

ఆ రసాయనాన్ని అందుకోవడానికి అవతలి కణం మీద కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. వాటిని గ్రాహకాలు అంటారు. గ్లూటమేట్‌కు ఇవి ఎన్నో రకాలు. ఎన్‌ఎమ్‌డిఏ, ఆంపా అనేవి వెంటనే తెరుచుకునే తలుపుల్లాంటివి. ఎమ్‌గ్లూఆర్5 వంటివి నెమ్మదిగా, కణం లోపలి పనులను సర్దుతూ పనిచేసేవి.

దిగులుకూ ఈ గ్రాహకాలకూ సంబంధం ఉందన్న అనుమానం ఒక మత్తుమందు వల్ల బలపడింది. దాని పేరు కెటమిన్. మన దేశంలో చిన్నపిల్లల గాయాలకు కుట్లు వేసేటప్పుడు మా బోటి డాక్టర్లు ఎన్నోసార్లు వాడిన మందే. అది ఎన్‌ఎమ్‌డిఏ గ్రాహకాలకు అడ్డుపడుతుంది. 2000లో యేల్ విశ్వవిద్యాలయం వారు ఏడుగురు రోగుల మీద, 2006లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ వారు 18 మంది మీద దీన్ని మత్తుకు తక్కువైన మోతాదులో పరీక్షించారు. మామూలు మందులు పనిచేయడానికి వారాలు పడుతుంటే, ఇక్కడ కొన్ని గంటల్లోనే చాలామందికి దిగులు తేలికపడింది. ఆ మేలు ఎక్కువ రోజులు నిలవలేదు, అది వేరే సంగతి. దీని దగ్గరి చుట్టమైన ఎస్‌కెటమిన్‌ను ముక్కులో కొట్టుకునే మందుగా 2019లో అమెరికా, 2020లో కెనడా అనుమతించాయి. దాన్ని వైద్యుల కళ్ళ ముందే తీసుకోవాలి. అందరికీ సరిపడేది కాదు. కాని ఇంత త్వరగా పనిచేసే మందు గ్లూటమేట్ దారిలో ఉందని తెలిశాక, ఆ దారిలో తేడా ఎక్కడుందో చూడాలని పరిశోధకులకు ఆశ పుట్టడం సహజమే గదా.

చూడడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది పెట్ స్కాన్. ఫలానా గ్రాహకానికే అతుక్కునే ఒక పదార్థంలో, 20 నిమిషాలకొకసారి సగం తరిగిపోయే రేడియోధార్మిక కార్బన్‌ను చేర్చి, అతి కొద్దిగా రక్తంలోకి ఎక్కిస్తారు. అది తలలో ఎక్కడెక్కడ ఎంత అతుక్కుందో చుట్టూ ఉన్న యంత్రం లెక్క కడుతుంది. పత్రికల్లో ఎరుపు, పసుపు రంగుల్లో మెరిసిపోయే మెదడు బొమ్మ ఇలా వచ్చినదే. ఆ రంగులు మెదడులో లేవు, అంకెలకు మనం వేసిన రంగులు. అది పెళ్ళి ఫొటో వంటిది కాదు, జనాభా లెక్కలు చూపే దేశపటం వంటిది.

రెండో మార్గం ఎమ్మారై. ఇది మన ఊరికి బాగా చుట్టం. కెనడాలో మొట్టమొదట మనిషి ఎమ్మారై బొమ్మ తీసింది 1982లో, మన లండన్‌లోని సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రిలోనే. ఇప్పుడు వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోని రోబార్ట్స్ పరిశోధనా సంస్థలో 7 టెస్లాల యంత్రం ఉంది. దాని అయస్కాంత బలం భూమి అయస్కాంత బలానికి లక్ష రెట్లకు పైమాటే. దానితో బొమ్మలే గాక, మెదడులో ఒక చిన్న ముక్కలో ఏ రసాయనం ఎంత ఉందో కూడా కొలుస్తారు. ఈ పద్ధతిలో గ్రాహకాలు కనబడవు, గ్లూటమేట్ కనబడుతుంది. ఇక్కడ తెలుగువాళ్ళం సంతోషించదగ్గ చిన్న విషయం ఒకటి చెప్పాలి. ఏదైనా తూచాలంటే తూకపురాయి కావాలి. చాలా పరిశోధనల్లో గ్లూటమేట్‌ను తూచడానికి రాయిగా వాడేది క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌ల మొత్తాన్ని. ఆ ఫాస్ఫోక్రియాటిన్ సంగతిని 1927లో హార్వర్డ్ నుంచి సైరస్ ఫిస్క్‌తో కలిసి లోకానికి చెప్పినవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఇంతకీ ఏమి కనబడింది? 2011లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్ పరిశోధకులు డిప్రెషన్ ఉన్న 11 మందినీ, లేని 11 మందినీ పెట్ స్కాన్ చేసి, ఉన్నవారిలో ఎమ్‌గ్లూఆర్5 గ్రాహకాలు తక్కువగా ఉన్నాయన్నారు. ఆ వార్తకు ఆశ చిగురించింది. 2015లో వయసు మళ్ళిన రోగులను చూసినవారికి ఆ తేడా దొరకలేదు. 2017లో యేల్ వారికీ దొరకలేదు. ఆ తరువాత మళ్ళీ తక్కువే అన్నవారూ ఉన్నారు. ఈలోగా 2013లో జ్యూరిచ్ నుంచే ఇంకో రెండు సంగతులు తెలిశాయి. పొగ తాగేవారిలో ఈ గ్రాహకాలు బాగా తక్కువగా కనబడతాయి. ఒక రాత్రంతా నిద్ర లేకపోతే ఎక్కువగా కనబడతాయి. డిప్రెషన్ ఉన్నవారిలో పొగ తాగేవారు ఎక్కువ, సరిగ్గా నిద్రపోయేవారు తక్కువ. మరి ఆ బొమ్మలో మనం చూస్తున్నది దిగులునా, సిగరెట్టునా, జాగారాన్నా?

మన లండన్ వారి పరిశోధన ఒకటి 2017లోనే వచ్చింది. డిప్రెషన్ ఉన్నవారిని, స్కిజోఫ్రేనియా ఉన్నవారిని, ఏ జబ్బూ లేనివారిని 7 టెస్లాల యంత్రంలో పోల్చారు. ఒక్కో జట్టులో 20 మంది కూడా లేరు. డిప్రెషన్ ఉన్నవారిలో తక్కువగా తేలింది మయో-ఇనోసిటాల్ అనే మరో పదార్థం. ఇక ఆంపా గ్రాహకాలను బతికున్న మనిషి తలలో చూపే పెట్ పదార్థాన్ని జపాన్‌లోని యొకొహామా వారు 2020లో ప్రకటించారు. అంటే పని ఇంకా మొదట్లోనే ఉందన్నమాట.

ఈ పరిశోధనలన్నిటిలోనూ తేడా కనబడినా, అది సగటుల మధ్య తేడా. సగటున మగవాళ్ళు ఆడవాళ్ళ కంటే పొడుగు. అది నిజమే. కాని తెర వెనక నిలబడినవారి ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు అని మాత్రం చెప్పి, ఆడో మగో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? ఇదీ అంతే. ఒక్క మనిషి స్కాన్ తీసి, ఇతనికి డిప్రెషన్ ఉంది, ఇతనికి లేదు అని చెప్పగల వైద్యుడు ఈ రోజున ప్రపంచంలో ఎక్కడా లేడు. బాబాయి గారి మొదటి ప్రశ్నకు ఇదీ జవాబు.

ఇక రెండో ప్రశ్న. దీనికి నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి.

హౌస్ సర్జన్‌గా పనిచేస్తున్న రోజుల్లో, కోస్తాలో ఒక ఆసుపత్రికి పల్లెటూరి నుంచి ఒకామెను తీసుకువచ్చారు. ముప్ఫయి ఏళ్ళు దాటి ఉండవు. తలపోటు, ఒళ్ళు మంటలు, నీరసం, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. ఆర్నెల్లుగా ఇంటిపని చేయడం లేదు, రాత్రిళ్ళు లేచి వాకిట్లో కూర్చుంటోంది. ఏమయిందమ్మా అంటే "ఏమీ లేదు" అంటుంది. తలలో గడ్డ ఏమైనా ఉందేమోనని మొగుడికి భయం. పాలిచ్చే గేదెను అమ్మి, ఆ డబ్బుతో మెదడు స్కాన్ తీయించాడు. స్కాన్ శుభ్రంగా ఉంది. నేను ఆ ఫిలిం పట్టుకుని, మంచి కబురు చెబుతున్నాననే సంతోషంతో, "ఏమీ లేదమ్మా, అంతా బాగానే ఉంది" అన్నాను. మొగుడు ఆమె వైపు తిరిగి, "విన్నావుగా, డాక్టరమ్మే చెప్పింది, నీకేమీ లేదంట. గేదె పోయింది" అన్నాడు. ఆమె నా వైపు ఒకసారి చూసింది. మరి మాట్లాడలేదు.

అప్పటికే పరీక్షలన్నీ పాసయి ఉన్నాను. డిప్రెషన్ లక్షణాలు నిద్రలో లేపినా వల్లిస్తాను. మన పల్లెల్లో ఆడవాళ్ళు దిగులును దిగులు అని చెప్పరనీ, తలపోటు అనీ ఒళ్ళు మంటలు అనీ చెబుతారనీ కూడా చదివాను. అయినా ఆ రోజు ఆమెను అడగవలసిన నాలుగు మాటలు అడగలేదు. ఫిలిం నాకు "ఏమీ లేదు" అని చెప్పింది, నేను ఆమెకు చెప్పాను. ఆమె "ఏమీ లేదు" అన్నది చెప్పుకునే దారి లేక, నేను అన్నది చూసే ఓపిక లేక. ఆ తరువాత ఆమె ఏమయిందో నాకు తెలియదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, సాక్ష్యం మీద నమ్మకం నిలబెడితే జరిగేది ఇదే. సాక్ష్యం దొరికినంత కాలం బాగానే ఉంటుంది. దొరకనినాడు, బాధపడే మనిషి అబద్ధాలకోరు అవుతాడు. గ్లూటమేట్ గ్రాహకాల స్కాన్ రేపు మన ఊళ్ళోనే దొరికినా, డిప్రెషన్‌తో మంచం దిగలేని వారిలో ఎంతోమంది ఫిలిం మామూలుగానే వస్తుంది. పైన చెప్పిన సగటుల లెక్క అదే చెబుతోంది. అప్పుడు వారి ఇంట్లో ఏ మాట వినబడుతుందో ఊహించుకోవడం కష్టం కాదు.

దీనికి మా డాక్టర్లం వాడే ఊతమాట ఒకటుంది. "డిప్రెషన్ కూడా షుగరు జబ్బు లాంటిదేనండీ, రసాయనాల తేడా" అంటాం. ఈ పోలిక మన ఊళ్ళో ఉన్నవారికి మరీ దగ్గరిది. 1920 అక్టోబరు 31 తెల్లవారుజామున, ఇక్కడి అడిలైడ్ వీధిలోని ఇంట్లో నిద్రపట్టక లేచి ఫ్రెడరిక్ బాంటింగ్ కాగితం మీద రాసుకున్న ఆలోచనే ఇన్సులిన్‌కు నాంది. కాని పోలిక ఎక్కడ తెగిపోతుందో చూడండి. షుగరు ఉందో లేదో ఒక్క రక్తపు బొట్టు చెబుతుంది, అదీ ఆ ఒక్క మనిషి గురించే చెబుతుంది. డిప్రెషన్‌కు అలాంటి బొట్టు లేదు. సెరటోనిన్ తక్కువవడం వల్లే డిప్రెషన్ వస్తుందన్న మాటకు గట్టి ఆధారాలు లేవని 2022లో ఒక పెద్ద సమీక్ష తేల్చింది. అంత మాత్రాన మందులు పనిచేయవని కాదు. ఎందుకు పనిచేస్తున్నాయో మనం చెప్పుకున్న కథ సరిపోదని.

పోనీ, కథ నిజం కాకపోయినా రోగికి మేలు చేస్తుందా? అమెరికాలో ఈ సంగతినే పరీక్షించి 2014లో ప్రకటించారు. లోగడ డిప్రెషన్ పడిన విద్యార్థులకు ఉత్తుత్తి పరీక్ష ఒకటి చేసి, కొందరికి "మీ దిగులుకు కారణం మెదడులో రసాయనాల తేడా" అని చెప్పారు. తమను తాము నిందించుకోవడం తగ్గుతుందని మనం అనుకుంటాం. తగ్గలేదు. పైగా ఇది నయమవుతుందన్న ఆశ తగ్గింది. మెదడే చెడిపోయిందంటే ఇక నా చేతిలో ఏముంది అనుకున్నారు కాబోలు. నింద తీసేద్దామని ఇచ్చిన మాట ఆశను తీసుకుపోయింది.

దిగులుకు శరీరంలో చోటు వెతకడం ఈ కాలపు పిచ్చి అనుకోనక్కరలేదు. మన ఊళ్ళోనే దీనికి పాత కథ ఒకటుంది. హైబరీ అవెన్యూ పక్కన ఇప్పటికీ నిలిచి ఉన్న ఇటుకల ప్రార్థనా మందిరం చాలామంది చూసే ఉంటారు. అది పాత లండన్ పిచ్చాసుపత్రి ఆవరణ. 1877 నుంచి 1902లో చనిపోయేదాకా ఆ ఆసుపత్రికి అధికారి డాక్టర్ రిచర్డ్ మారిస్ బక్. ఎంతో మంచివాడు. రోగులను కట్టిపడేసే పట్టీలను, గొలుసులను మాన్పించాడు. సారా మందులు ఆపించాడు. రోగులకు తోటపని, ఆటపాటలు కల్పించాడు. కవి వాల్ట్ విట్మన్‌కు ప్రాణస్నేహితుడు. విట్మన్ 1880 వేసవిలో ఆయన ఇంటికి వచ్చి ఉన్నాడు కూడా. ఇంతటి మనిషి 1879లో ఒక పుస్తకం రాసి, మనిషి ప్రేమకూ భయానికీ, మొత్తం నైతిక స్వభావానికీ చోటు సానుభూతి నాడీమండలం అని వాదించాడు. అక్కడితో ఆగినా పోయేది. ఆడవారి మతిచాంచల్యానికి మూలం గర్భకోశంలో ఉందన్న ఆనాటి వాదాన్ని నమ్మి, 1895 నుంచి తన ఆసుపత్రిలోని 200 మందికి పైగా స్త్రీలకు శస్త్రచికిత్సలు చేయించాడు. వారిలో చాలామందికి మనసు బాగుపడిందని తన నివేదికల్లో రాసుకున్నాడు. ఆ నమ్మకం తప్పని తరువాతి కాలం చెప్పింది.

బక్‌ను ఎగతాళి చేయడానికి ఇది చెప్పలేదు. ఆయనకున్న దయ నాకుంటే చాలుననుకుంటాను. దయగల మనిషి కూడా, బాధకు చోటు దొరికిందనుకున్న మరుక్షణం, బాధపడే మనిషిని అడగడం మానేసి ఆ చోటునే చూడడం మొదలుపెడతాడు. ఆసుపత్రిలో ఆ రోజు నేను ఫిలిం చూసినట్టే.

ఇదంతా చదివి నా తోటి డాక్టర్లు కొందరు కోప్పడవచ్చు. వారి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. మన ఇళ్ళలో డిప్రెషన్‌కు ఇచ్చే పేర్లు మనకు తెలియనివి కావు. గ్రహచారం, పెంపకం లోపం, మనోబలం లేకపోవడం, ఒళ్ళు బద్ధకం. ఇలాంటి చోట "ఇది మెదడులో జబ్బు" అన్న ఒక్క మాట ఎన్నో కుటుంబాలను డాక్టరు దగ్గరకు నడిపించింది. నేనూ వాడాను. తన వల్లే కూతురు ఇలా అయిందని కుమిలిపోతున్న ఒక తల్లికి, రసాయనాల తేడా అని నేను చెప్పినప్పుడు, ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకోవడం నాకు గుర్తుంది. ఆ రోజుకు ఆ మాట పనిచేసింది. మెదడుతో దిగులుకు సంబంధం లేదని నేనూ అనను. సంబంధం లేకపోతే కెటమిన్ పనిచేసేది కాదు. ఈ పరిశోధనలు జరగాలి, డబ్బు దొరకాలి, మన పిల్లలు వాటిలో పనిచేయాలి. రేపు మంచి మందులు వాటిలోంచే వస్తాయి.

నా అభ్యంతరం ఒక్క షరతు మీద. "నిరూపించు, నమ్ముతాను" అన్న షరతు. ఈ షరతు మనం అన్ని బాధలకూ పెట్టం. మనలో ఎవరికైనా ఇండియాలో తల్లి పోయి, సమయానికి వెళ్ళలేకపోతే, సాయంత్రానికల్లా అన్నం, పప్పు క్యారియర్లలో సర్దుకుని వాళ్ళింటికి పోతాం. ఎవరూ ఆధారం అడగరు. పక్కన కూర్చుంటాం. ఆ దుఃఖానికి కారణం మనకు కనబడుతోంది. కారణం కనబడని దుఃఖం దగ్గరే మనకు చిక్కు. "ఇల్లుంది, చదువుంది, కారుంది, నీకేం తక్కువరా?" అంటాం. ఈ ప్రశ్న వెనక మన సొంత భయం ఉంది. అమ్మానాన్నలను వదిలి, ఈ మంచులోకి వచ్చి, మళ్ళీ పరీక్షలు రాసి, రాత్రి డ్యూటీలు చేసి, ఇదంతా ఎందుకంటే పిల్లలు సుఖంగా ఉండడానికే అని మనకు మనం చెప్పుకున్నాం. ఆ పిల్లవాడే తలుపు వేసుకుని పడుకుంటే, మన లెక్కంతా తప్పయిందేమో అనిపిస్తుంది. అంచేత అది బద్ధకమైనా కావాలి, ఫిలింలో కనబడే జబ్బైనా కావాలి. రెండింటిలో ఏదైనా సరే, మన లెక్క నిలబడుతుంది. బాబాయి గారి గొంతులోని ఆత్రం ఇదేనేమోనని నాకు తరువాత తోచింది. అది నాకూ తెలిసిన ఆత్రమే, నాకూ ఇక్కడ పెరుగుతున్న పిల్లలున్నారు.

భగవద్గీత మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. అర్జునుడిది డిప్రెషన్ అని నేను అనడం లేదు. ఆయన దుఃఖానికి కారణం ఎదురుగా రెండు సైన్యాలై నిలబడి ఉంది. కాని అక్కడ జరిగిన ఒక సంగతి మనం సాధారణంగా గమనించం. నోరు ఎండిపోతోంది, ఒళ్ళు వణుకుతోంది, విల్లు చేజారిపోతోంది అని అర్జునుడు చెప్పుకుంటే, కృష్ణుడంతటివాడు కూడా ముందు అన్నది మనం ఇళ్ళలో అనే మాటే. ఈ పిరికితనం నీకు తగదు, లే అన్నాడు. అర్జునుడు లేవలేదు. యుద్ధం చేయనని చెప్పి ఊరుకున్నాడు. అప్పుడు గాని కృష్ణుడు అసలు మాట మొదలుపెట్టలేదు. ఆ తరువాతి అధ్యాయాల్లో ఎన్ని తత్త్వాలున్నాయో పండితులు చెబుతారు. నాకు తెలిసింది ఒకటే. అడిగిందే మళ్ళీ అడిగినా విసుక్కోకుండా జవాబు చెబుతూ, సైన్యాలు ఆగి చూస్తున్నా, పద్ధెనిమిదో అధ్యాయం దాకా ఆ మనిషి పక్కన ఉన్నాడు.

మరి బద్ధకానికీ జబ్బుకూ తేడా ఎలా తెలుస్తుంది? ఆ ప్రశ్న అడిగినందుకు బాబాయి గారిని తప్పుపట్టలేను. దానికి జవాబు స్కాన్‌లో లేదు గాని, అడిగితే దొరుకుతుంది. బద్ధకస్తుడు ఇష్టమైన పని అనగానే లేచి కూర్చుంటాడు. డిప్రెషన్ ఉన్నవాడికి ఇష్టమే పోతుంది. ఇదివరకు అర్ధరాత్రి లేచి క్రికెట్ చూసే కుర్రవాడు ఇప్పుడు స్కోరు కూడా అడగడం లేదా? నిద్ర పోయిందా, లేక రోజంతా నిద్రేనా? తిండి తగ్గిందా? నేను ఎవరికీ పనికిరాను అంటున్నాడా? రెండు వారాలు దాటి ఇలాగే ఉంటే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళవలసిందే. చనిపోవాలని అనిపిస్తోందా అని అడగడానికి భయపడకండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. కెనడాలో 988 అనే మూడంకెల నంబరుకు ఏ వేళప్పుడైనా ఫోను చేయవచ్చు. ఇండియాలో మనవాళ్ళకైతే 14416, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంత చేసినా పొరపాటు పడవచ్చు. జబ్బు కానిదాన్ని జబ్బనుకుని నమ్మితే పోయేది ఏమిటి? నాలుగు రోజులు అంట్లు మనమే తోముకుంటాం. జబ్బును బద్ధకమనుకుని నమ్మకపోతే పోయేది ఏమిటో చెప్పనక్కరలేదు. రెండు పొరపాట్లలో ఏదో ఒకటి తప్పదనుకుంటే, ఏది ఎంచుకోవాలో తెలుసుకోవడానికి డాక్టరు కూడా అక్కరలేదు.

ఆ పల్లెటూరి ఆమె ఇప్పుడు నా ముందు కూర్చుంటే, స్కాన్ చూసి, "తలలో గడ్డ లేదమ్మా, ఆ భయం వదిలెయ్యి. కాని నీకు బాధ ఉంది. ఎప్పటినుంచో చెప్పు" అంటాను. మొగుణ్ణి కూడా కూర్చోబెట్టి వినమంటాను. గేదె ఊరికే పోలేదనీ, గడ్డ లేదని తెలుసుకోవడానికి పోయిందనీ అతనికి నచ్చజెబుతాను. ఆ రోజు చేయవలసింది ఇంతే. దానికి 7 టెస్లాల యంత్రం అక్కరలేదు, పావుగంట సమయం చాలు.

బాబాయి గారికి ఈ సంచిక ఎలాగూ చేరుతుంది. చదివాక ఒకసారి ఫోను చేయమని మనవి. ఆ అబ్బాయి రాజీపడితే ఇద్దరూ కలిసే రండి. రాకపోతే, వాడి గది తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కాసేపు ఊరికే కూర్చోండి.